సర్వరు మెమరీ నిండినప్పుడు

2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లోని కరపలో ఆరంభమైన గ్రామ సచివాలయాల సేవలు కాట్రేనికోన వంటి తీరప్రాంతాలకు అందడానికి దూరాన ఉన్న సర్వర్లే ఆధారం. సర్వరు అంటే అనేకుల అభ్యర్థనలకు ఒకేసారి బదులిచ్చే కంప్యూటరు. నడుస్తున్న పనులను అది ర్యామ్ అనే తాత్కాలిక మెమరీలో ఉంచుకుంటుంది. ఆ ర్యామ్ నిండితే ఏమవుతుంది? సర్వరును నడిపే లినక్స్ వ్యవస్థ తనను తాను కాపాడుకునేందుకు, సాధారణంగా ఎక్కువ మెమరీ వాడుతున్న ప్రోగ్రామును బలవంతంగా ఆపివేస్తుంది. ఆగినది డేటాబేసు కావచ్చు, కాని దోషం దానిదే కానక్కరలేదు. అందుచేత ముందు లాగ్, అనగా యంత్రం రాసుకునే చిట్టా, చూడాలి; లాగ్ చూశాకే రీస్టార్ట్ చేయాలి, ఎందుకంటే తొందరపడితే ఆ ఆధారాలు చెరిగిపోవచ్చు. అభ్యర్థనల రద్దీ తగ్గినా మెమరీ వాడకం తగ్గకుండా పెరుగుతూనే ఉంటే, వాడిన చోటును ప్రోగ్రాము తిరిగి విడవడం లేదేమోనని మొదట అనుమానించాలి; రద్దీ వేళల్లోనే పెరిగితే ఒకేసారి స్వీకరించే అభ్యర్థనలకు పరిమితి పెట్టాలి, లేదా ర్యామ్ పెంచాలి.