ఇల్లెందు బొగ్గు, సింగరేణి పేరు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు “మన ప్రాంత చరిత్ర” అని అంశం ఇచ్చి ఇరవై నిమిషాల్లో ముగించమన్నారు. ప్రాంతమంతా ఎత్తుకుంటే భోజనాలు చల్లారిపోతాయి. అందుకని ఒక్క ఊరితో సరిపెడతాను. ఆ ఊరు ఇల్లెందు. మన సభ్యుల్లో చాలామంది ఏదో ఒక ఆఫీసులో అక్కడ పనిచేసినవాళ్లే. నేనూ అక్కడి తాలూకా ఆఫీసులో ఆరేళ్లు గుమాస్తాగిరీ చేశాను.

ముందు పేరు సంగతి చెప్పాలి. ఇల్లెందు, ఇల్లందు, యెల్లందు అని మూడు రకాలుగా రాస్తారు. ఒకే ఫైలులో మూడూ కనబడిన రోజులున్నాయి. అసలు పాత ఊరు ఇల్లందులపాడు. జనానికి ఈ గొడవేదీ లేదు, వాళ్లు బొగ్గుట్ట అంటారు. బొగ్గున్న గుట్ట గనుక బొగ్గుట్ట. నన్నడిగితే అన్నిట్లోకీ అదే సరైన పేరు.

కానీ బొగ్గుకు మాత్రం ఈ పేర్లలో ఏదీ దక్కలేదు. దేశమంతటికీ తెలిసిన పేరు సింగరేణి. సింగరేణి అనేది కారేపల్లి దగ్గరున్న ఒక గ్రామం. ఇవాళ్టికీ ఖమ్మం జిల్లాలో సింగరేణి మండలమని ఒకటుంది, దాని ఆఫీసు కారేపల్లిలో ఉంటుంది. బయటివాళ్లు సింగరేణి మండలమంటే గనులు చూద్దామని వస్తారు, అక్కడ పత్తి చేలు, మిరప చేలు చూసి వెళతారు. గనులు పుట్టింది ఇల్లెందులో. తొలినాటి కాగితాల్లో ఆ బొగ్గు క్షేత్రానికి సింగరేణి అని పడింది, అంతే. కాగితం మీద ఒకసారి పడ్డ మాటను మార్చడం ఎంత కష్టమో మనకు వేరే చెప్పాలా?

బొగ్గు ఎలా బయటపడిందన్నదానికి మన వైపు ఒక కథ ఉంది. భద్రాచలం యాత్రకు పోయేవాళ్లు అడవిలో దిగి, దొరికిన నల్లరాళ్లు మూడు పెట్టి పొయ్యి రాజేస్తే, అన్నం కంటే ముందు రాళ్లు అంటుకున్నాయట. కథ కథే అయినా కాగితం మీదున్న సంవత్సరం 1871. జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఆ ఏడు ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని తేల్చాడు. తర్వాత ఆ సంస్థకే డైరెక్టరయ్యాడు. ఇక్కడి మేలిరకం బొగ్గు పొరకు ఆయన పేరనే కింగ్ సీమ్ అన్నారు. రాజు ఉన్నాక రాణి లేకపోతే ఎలా అనుకున్నారో ఏమో, ఇంకో పొర క్వీన్ సీమ్ అయింది.

పిల్లల కోసం ఒక్క మాట. ఈ బొగ్గు పాతిక కోట్ల సంవత్సరాలకు పైబడిన నాటి అడవి. ప్రాణహిత, గోదావరి లోయ వెంట సుమారు 350 కిలోమీటర్ల పొడవున ఇది పరుచుకుని ఉంది. బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం, భూపాలపల్లి, మణుగూరు, కొత్తగూడెం అన్నీ ఆ పట్టీ మీది ఊళ్లే. అన్నిటికంటే ముందు తవ్వింది మాత్రం ఇల్లెందులో.

బొగ్గు దొరికితే సరిపోదు, మోసుకుపోవాలి. వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లోనే రైలు వచ్చింది. దాన్ని తూర్పుకు పొడిగించే పనిని ఇంగ్లండు కంపెనీకి అప్పగించే బేరం మీద హైదరాబాదులో 1883లో పెద్ద అలజడి లేచింది. చాందా రైల్వే ఆందోళన అంటారు. షరతులేమిటో ప్రజలకు చెప్పండని అడిగినందుకు సరోజినీ నాయుడి తండ్రి డాక్టర్ అఘోరనాథ చటోపాధ్యాయను ఊరు దాటించారు. రైలు మాత్రం ఆగలేదు. 1886కు వరంగల్ చేరింది, 1888లో డోర్నకల్ మీదుగా గనుల దాకా వచ్చింది. బెజవాడ చేరింది 1889లో. అంటే నిజాం రైలును కృష్ణ ఒడ్డు కంటే ముందు మన బొగ్గుట్ట చూసింది.

ఇక గనుల ఒప్పందం. దీన్ని కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఆడిట్ చేసిన మిత్రులు సభలో ఉన్నారు. 1886లో నిజాం ప్రభుత్వం వాట్సన్, స్టువర్ట్ అనే ఇద్దరు తెల్లవాళ్లకు 99 ఏళ్లు గనులు తవ్వుకునే హక్కు రాసిచ్చింది. వాళ్లు లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పెట్టారు. ఒక్కొక్కటి 10 పౌండ్ల చొప్పున లక్ష వాటాలు. అందులో 85,000 వాటాలు హక్కు తెచ్చినందుకు ప్రతిఫలమని వాళ్లే రాసుకున్నారు. బేరం నడిపిన నిజాం అధికారి అబ్దుల్ హక్ అందులో తన వాటాలను తన ప్రభుత్వానికే అమ్మాడు! సంగతి బయటపడి 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ దాకా వెళ్లింది. ఒక్క తట్ట బొగ్గు రైలెక్కక ముందే ఇంత జరిగిందన్నమాట. మన ఆఫీసుల్లో అయితే ఆ ఫైలు మీద కనీసం నాలుగు కొర్రీలు పడేవి.

1889లో తవ్వకం మొదలైంది. మన జనం గనిని బాయి అన్నారు. నిలువుగా దిగే పాత పిట్టు చూస్తే నిజంగానే బావిలా ఉండేది. ఏటవాలుగా దిగేది ఇంక్లైను. లోపల బొగ్గంతా ఒకేసారి తీస్తే పైకప్పు కూలుతుంది గనుక, స్తంభాలు వదులుతూ గదులు గదులుగా తవ్వుకుంటూ పోతారు. తిరిగి వచ్చేటప్పుడు ఆ స్తంభాలను తీస్తూ, ఖాళీలో ఇసుక నింపుతారు, లేదా కప్పును కూలనిస్తారు. అన్నిటికంటే ప్రమాదమైన పని అదే. తవ్విన బొగ్గును టబ్బుల్లోకి ఎత్తేవాడు ఫిల్లరు. ఆ పనిచేసినవాళ్ల నడుములు ఎలా ఉంటాయో వాళ్లను చూసినవాళ్లకే తెలుసు.

1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఆ తేదీనే ఇప్పటికీ ఆవిర్భావ దినంగా జరుపుతారు. 1927లో బెల్లంపల్లి వైపు, 1937లో కొత్తగూడెంలో తవ్వకాలు మొదలయ్యాయి. 1945లో హైదరాబాదు ప్రభుత్వం వాటాల్లో ఎక్కువ భాగం కొన్నది. తర్వాత కేంద్రానికి 49, రాష్ట్రానికి 51 అన్న లెక్క వచ్చింది. పెద్దాఫీసు కొత్తగూడెంలో స్థిరపడింది. పేరు అటు పోయింది, ఆఫీసు ఇటు పోయింది, తొలి బొగ్గు ఇచ్చిన ఊరు మధ్యలో ఉండిపోయింది.

ఈ పేర్ల తారుమారు ఊరితో ఆగితే నేను ఇంత చెప్పను. మనుషుల దాకా వచ్చింది. ఆ రోజుల్లో పని దొరికినవాడు రాలేకపోతే అతని పేరు మీద తమ్ముడో, బావమరిదో, ఊరివాడో బాయి దిగేవాడు. మస్టరులో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు. ముప్ఫై ఏళ్లు పరాయి పేరుకు “హాజర్” పలికినవాళ్లున్నారు. వాటినే మారుపేర్లంటారు. మనిషి బతికున్నంత కాలం ఇబ్బంది లేదు. చనిపోయాకో, ఒళ్లు పాడై పని మానుకున్నాకో కొడుకు ఉద్యోగం అడిగితే, భార్య పింఛను అడిగితే అప్పుడు మొదలౌతుంది. నీ భర్త పేరు ఇది, చనిపోయినవాడి పేరు అది, నువ్వెవరమ్మా అని.

1979లో అనుకుంటాను, అలాంటి ఒకావిడ మా తాలూకా ఆఫీసుకు వచ్చింది. కాగితాలన్నీ కొంగున ముడివేసుకుంది. రేషను కార్డులో ఒక పేరు, గుర్తింపు కార్డులో ఇంకో పేరు, ఫోటో మాత్రం ఒక్కటే మనిషిది. “సారూ, పేరు ఎవరిదైతేంది, ఊపిరి మా ఆయనదే పోయింది గదా” అన్నది. అప్పటి తహసీల్దారుగారు బస్తీకి మనిషిని పంపి, ఇరుగుపొరుగు ఏడుగురి వాఙ్మూలాలు తెప్పించి, ఫలానా ఉరఫ్ ఫలానా అని ధ్రువపత్రం రాయించారు. రాసింది నేనే. ఉరఫ్ అన్న మూడక్షరాలకు అంత బరువుంటుందని అప్పుడు తెలిసింది నాకు.

ఇప్పటి ఇల్లెందు సంగతి. పాత పిట్లు, ఇంక్లైన్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఓపెన్‌కాస్టు వచ్చాక పొక్లెయిన్లు పైనుంచే తవ్వడం, తీసిన మట్టి గుట్టలై పెరగడం చూశాం. భూగోళం పుస్తకంలో లేని కొండలు అవి. 1990–91 నాటికి మొత్తం సింగరేణిలో లక్షా 16 వేల మంది పైన ఉండేవాళ్లు. ఇప్పుడు 40 వేల ప్రాంతంలో ఉన్నారు. జీతాల రోజున బజారులో కాలు పెట్టే సందుండేది కాదు, బట్టల కొట్లవాళ్లు అర్ధరాత్రి దాకా మూసేవాళ్లు కాదు. ఆ సందడి ఇప్పుడు లేదు. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఇల్లెందు, టేకులపల్లి కొత్తగూడెం జిల్లాకు, గార్ల, బయ్యారం మహబూబాబాదుకు పోగా కామేపల్లి ఖమ్మంలోనే ఉండిపోయింది. ఒకే శాసనసభ నియోజకవర్గం, మూడు కలెక్టరేట్లు. పని పడ్డవాడు ఏ బస్సెక్కాలో తెలుసుకుని బయల్దేరాలి.

చివరగా పింఛను మాట, అది లేకుండా మన సభ ముగియదు గదా. మనకు కరువు భత్యం వస్తుంది, ఆలస్యమైతే మనం అరుస్తాం, అరవాలి కూడా. బొగ్గు గని కార్మికులకు 1998లో పింఛను పథకం వచ్చింది. దాంట్లో కరువు భత్యం లేదు. దిగిపోయిన నాడు ఎంత కట్టారో ధరలు ఎంత పెరిగినా దాదాపు అక్కడే ఉంటుంది. తొలినాళ్లలో దిగిపోయినవాళ్లకు వచ్చేది ఇవాళ మందుల చీటీకే చాలదు. మన వీధుల్లోనే ఉన్నారు వాళ్లు, దగ్గు వినబడితే తెలుస్తుంది.

నవంబరులో జీవన ప్రమాణ పత్రాల పని మొదలౌతుంది. ప్రతి ఏడూ మన సంఘం గదికి బాయి పింఛనుదార్లు, వాళ్ల భార్యలు కొందరు వస్తూనే ఉంటారు. ఇది ట్రెజరీ పింఛనువాళ్లకేనని తిప్పి పంపుతున్నాం. ఈసారి వాళ్లకు వేరే బల్ల ఒకటి వేయమని కార్యదర్శిగారిని అడిగాను, ఒప్పుకున్నారు. ఫారాలు నింపడానికి నేను కూర్చుంటాను. మారుపేరు కేసులకు పాత కాగితాలు చదవాలి, కొన్ని ఉర్దూలో ఉంటాయి. ఉర్దూ చదవగలిగిన సభ్యులు ఇద్దరు కావాలి. భోజనాలయ్యాక నా దగ్గర పేర్లివ్వండి.