యంత్రాల ఇంటికి మనుషులు కావాలి

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



మొన్న మా పక్కింటావిడ మనవడి బారసాల ఫోటోలు ఫోనులో చూపించింది. ఒకటా రెండా, మూడువందలు! "ఇన్ని ఫోటోలు పెడితే ఫోను నిండిపోదుటమ్మా?" అన్నాను. "ఫోనులో కాదండీ, క్లౌడులో వుంటాయి" అంది. క్లౌడంటే మబ్బు. మబ్బులో నీళ్ళే నిలవవు, ఇక ఫోటోలేం నిలుస్తాయి? నిజానికి అవి వుండేది మబ్బులో కాదు, నేలమీద కట్టిన పెద్ద భవనంలో. దానినే డేటా సెంటర్ అంటున్నారు. మన ఫోటోలు, బ్యాంకు లెక్కలు, రైలు టిక్కెట్లు అన్నీ ఇటువంటి చోట్లనే వుంటాయి.

లోపల ఇనప బీరువాల వంటివి వరసలు వరసలుగా వుంటాయి. వాటి నిండా సర్వర్లనే కంప్యూటర్లు. అవి రాత్రింబగళ్ళు పనిచేస్తూ విపరీతంగా వేడెక్కుతాయి. చల్లబరచడానికి చిల్లర్లు, కరెంటు పోతే ఆదుకోవడానికి బ్యాటరీలు, ఆ వెనక డీజిల్ జనరేటర్లు. మన ఇంట్లో కరెంటు పోతే విసనకర్ర అందుకుంటాం. అక్కడ ఒక్క నిమిషం పోయినా యెన్నో వూళ్ళ పనులు ఆగిపోతాయి.

మన తెలుగుదేశానికి ఇవి కొత్త కాదు. అమెజాన్ సంస్థ 2022లో హైదరాబాదు ప్రాంతంలో తన కేంద్రాలు ప్రారంభించింది. అదే యేడు మైక్రోసాఫ్ట్ కూడా అక్కడ కేంద్రాలు పెడతామన్నది. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చించి విశాఖపట్నంలో పెద్ద కేంద్రం నెలకొల్పుతామని ప్రకటించింది.

డబ్బుంది, స్థలముంది. దొరకనిది మనుషులు! అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ఈ రంగాన్ని యేటేటా పరిశీలిస్తుంది. ప్రపంచం మొత్తం మీద ఈ కేంద్రాలకు 2019లో సుమారు 20 లక్షల మంది పనివారుంటే, 2025 నాటికి 23 లక్షలు కావాలని ఆ సంస్థ అంచనా వేసింది. 2022లో అది ప్రశ్నించిన నిర్వాహకుల్లో సగం మందికి పైగా, తగిన మనుషులు దొరకడం కష్టంగా వుందనే చెప్పారు.

యెందుకు దొరకరు? ఇంతమంది ఇంజనీర్లున్నారు కదా అంటారా? అక్కడ కావలసింది కంప్యూటరు చదివినవారే కాదు. కరెంటు పని తెలిసినవారు, ఏ.సి. మెకానిక్కులు, జనరేటరు చూసేవారు, కేబుళ్ళు వేసేవారు కావాలి. ఐ.టి.ఐ.లో రెండేళ్ళ ఎలక్ట్రీషియన్ కోర్సు గాని, పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ డిప్లొమా గాని చదివినవారికి తలుపు తెరిచే పని ఇది. అయితే ఇటువంటి పని ఒకటున్నదని ఆ పిల్లలకూ తెలియదు, వాళ్ళ తల్లులకూ తెలియదు. తెలిసి వెళితే "అనుభవం వుందా?" అంటారు. ఈత వస్తేగాని నీళ్ళలో దిగనివ్వమంటే, ఈత యెక్కడ నేర్చుకోవాలి?

సంస్థలకూ ఒక భయం వుంది. ఇటువంటి కేంద్రాల్లో వచ్చే అంతరాయాల్లో మూడింట రెండు వంతుల నుంచి అయిదింట నాలుగు వంతుల దాకా, యేదో ఒక మేరకు మనిషి పొరపాటు వుంటుందని అదే సంస్థ అంచనా. ఆవకాయ జాడీలో ఒక్క తడిచెయ్యి పడితే యేమవుతుందో మనకు తెలుసు. యే స్విచ్చి తరవాత యే స్విచ్చి వెయ్యాలో రాసిపెట్టిన వరస తప్పకుండా, తొందర లేకుండా చేసే మనిషి కావాలి. అటువంటి ఓపిక ఆడపిల్లలకు లేదని యెవరనగలరు? అయినా చాలా కేంద్రాల్లో స్త్రీలు నూటికి పదిమంది కూడా లేరు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మా అమ్మాయి ఎలక్ట్రికల్ డిప్లొమా పాసయింది. నాలుగేళ్ళ కిందట హైదరాబాదులో ఇటువంటి కేంద్రంలో వుద్యోగం వచ్చింది. వారం విడిచి వారం రాత్రి డ్యూటీ. "ఆడపిల్లకు రాత్రి డ్యూటీ యేమిటి, పెళ్ళి కావలసిన పిల్ల" అని నేనే వద్దన్నాను. కారు పంపుతారా అని అడగలేదు, తోడు యెవరుంటారని అడగలేదు. దాని క్లాసులో చదివిన కుర్రాడు ఆ పనిలో చేరి, ఇవాళ ఒక షిఫ్టుకు పెద్దగా వున్నాడు. ప్యానెళ్ళు విప్పి బిగించిన చేతులతో మా అమ్మాయి ఒక ఆఫీసులో బిల్లులు టైపు చేస్తున్నది. ఈ యేడు మళ్ళీ దరఖాస్తు పెడితే, "అనుభవం లేదు కదా" అన్నారు. ఆ అనుభవం రాకుండా చేసింది నేనే కదా!

చట్టం కూడా మారింది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కార్మిక చట్టం ప్రకారం అన్నిరకాల పనుల్లోనూ స్త్రీలను తీసుకోవచ్చు. రాత్రి 7 గంటల తరవాత, తెల్లవారి 6 గంటలకు ముందు పని చేయించాలంటే ఆమె సమ్మతి వుండాలి, భద్రతకు ప్రభుత్వం పెట్టిన షరతులు పాటించాలి. కనక "రాత్రి డ్యూటీయా? వద్దు" అని తలుపు వేసెయ్యకుండా నాలుగు ప్రశ్నలు అడగండి.

జీతం ఇచ్చేది కంపెనీయా, కాంట్రాక్టరా? ప్రావిడెంటు ఫండు కడతారా? రాత్రి వేళ ఇంటి గుమ్మం దాకా బండి వుందా, ఆ షిఫ్టులో ఇంకెందరు ఆడవాళ్ళున్నారు? శిక్షణ యెన్నాళ్ళు, పని నేర్పేదెవరు? పెళ్ళయి బిడ్డ పుడితే, చట్టం ప్రకారం మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల చొప్పున జీతంతో సెలవుంది కదా, తిరిగి వచ్చాక అదే పని ఇస్తారా? ఇవి అడిగితే తప్పుగా అనుకునే చోట పిల్లను చేర్చకపోవడమే మేలు. వుద్యోగం ఇప్పిస్తామని ముందుగా డబ్బడిగే బ్రోకర్లను మాత్రం గుమ్మం యెక్కనివ్వకండి.

ఆశ మరీ యెక్కువ పెట్టుకోవద్దని కూడా చెప్పాలి. ఇటువంటి కేంద్రాలు విస్తారంగా వున్న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, అక్కడి శాసనసభ తరఫున 2024లో ఒక పరిశీలన చేశారు. రెండున్నర లక్షల చదరపు అడుగుల కేంద్రం కట్టేటప్పుడు, పని ముమ్మరంగా వున్న రోజుల్లో 1,500 మంది దాకా వుంటారట. కట్టడం పూర్తయ్యాక నిలిచే వుద్యోగాలు సుమారు 50. అందులోనూ సగం కాంట్రాక్టువి. పెళ్ళి పందిరి వేసేటప్పుడు వుండే సందడి కాపురంలో వుండదు కదా! కనక వూరంతటికీ వుద్యోగాలు వస్తాయనుకోవద్దు. వచ్చే ఆ కొద్దింటిలో మన పిల్లలకు వాటా వుండాలంటే మాత్రం పని ముందుగా నేర్చుకుని సిద్ధంగా వుండాలి. కరెంటు పని, ఏ.సి. పని వచ్చినవారికి ఆస్పత్రుల్లోనూ ఫ్యాక్టరీల్లోనూ కూడా అన్నం దొరుకుతుంది. ఆ చదువు వృథా పోదు.

వచ్చే వారం మా అమ్మాయి ఇంకొక చోటికి ఇంటర్వ్యూకి వెళుతున్నది. శిక్షణ ఇచ్చి తీసుకుంటామన్నారు, జీతం కొంచెం తక్కువే. ఆ నాలుగు ప్రశ్నలూ కాగితం మీద రాసి దాని చేతికిచ్చాను. చదువుకుని, "ఇవి అప్పుడే అడిగి వుంటే బాగుండేదమ్మా" అంది. అవును, బాగుండేది. మీ ఇళ్ళలో ఆ సమయం ఇంకా మించిపోలేదని గుర్తుచేస్తూ, సెలవు తీసుకుంటాను.