తొలి ఏడాది స్టూడియోలో స్పర్శకు చోటెక్కడ?



డిజైన్ చదువులో మొదటి సంవత్సరం గురించి ఈ వేదిక మీద ఏళ్ల తరబడి వాదనలు నడుస్తున్నాయి. ఫౌండేషన్ ఒక సెమిస్టరా, రెండా? క్రెడిట్లు ఎన్ని? కంప్యూటర్ ఎప్పుడు చేతికివ్వాలి? వీటన్నిటి మీదా తీర్మానాలున్నాయి. ఆ ఏడాదిలో విద్యార్థి వేళ్లు ఏం నేర్చుకోవాలన్న దాని మీద మాత్రం ఒక్క తీర్మానమూ లేదు. ఈ ఉపన్యాసం దాదాపుగా ఆ ఒక్క లోటు గురించే. మిగతా రంగాల సమీక్షకు ఇవాళ చోటు తగ్గితే ప్రతినిధులు మన్నించాలి.

జర్మనీలోని వైమార్‌లో 1919లో వాల్టర్ గ్రోపియస్ బౌహౌస్ డిజైన్ పాఠశాలను తెరవడం, యోహానెస్ ఇట్టెన్ ప్రాథమిక కోర్సు నడపడం, 1923లో ఆయన వెళ్లిపోయాక ఆ బాధ్యత మొహోలీ-నాజ్, జోసెఫ్ ఆల్బర్స్ పంచుకోవడం ఇక్కడ అందరికీ కంఠోపాఠమే. అయితే ఆ చరిత్రలోంచి సిలబస్‌లలోకి వచ్చినవేమిటి? వర్ణచక్రం, చుక్క, గీత, తలం, వెలుగునీడల వ్యత్యాసం. అన్నీ కంటికి సంబంధించినవే. ఇట్టెన్ గరుకు నుంచి నునుపు దాకా అసలు పదార్థాలనే వరసగా పేర్పించేవాడు. విద్యార్థులు కళ్లు మూసుకుని వాటిని వేలికొనలతో తడమాలి. బొమ్మ గీయడం ఆ తరవాతి మాట. ముందరి సగాన్ని వదిలేసి వెనకటి సగాన్ని మాత్రం పాఠం చేసుకున్నారు మన పాఠ్యప్రణాళికల కర్తలు.

మొహోలీ-నాజ్ కోర్సులో ఆ తడమడమే ఒక వస్తువుగా మారింది. బౌహౌస్ దేసావ్‌కు మారాక అక్కడ ఆయన విద్యార్థిని ఓటీ బెర్గర్ 1928లో చేసిన స్పర్శఫలకం ఇందుకు గొప్ప ఉదాహరణ. పొడవాటి లోహపు జాలీ పట్టీ మీద రకరకాల దారాలను త్రికోణాలుగా వరసలో బిగించింది. వాటి కింద రంగు కాగితపు చదరాలు అమర్చింది. ఆ కాగితాలను ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు, దారాలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. రంగు మారితే చేతికి తగిలేది కూడా మారినట్టు అనిపిస్తుందా? ఈ ప్రశ్నను ఆమె వ్యాసంగా రాయలేదు, చేతికి అందేలా కట్టి చూపించింది. బెర్గర్‌కు వినికిడి సరిగా లేదు. తరవాత నేతశాలలో పేరు తెచ్చుకుంది, తాను రూపొందించిన బట్టలకు పేటెంట్లు సంపాదించింది. యూదు స్త్రీ కావడంతో 1944లో ఆష్విట్జ్‌లో నాజీల చేతిలో బలైపోయింది. బౌహౌస్ మీద వచ్చిన ఎన్నో పుస్తకాల్లో ఉక్కుగొట్టాల కుర్చీలకు పేజీలకు పేజీలు దక్కుతాయి. బెర్గర్ ఫలకానికి దక్కేది ఒక చిన్న ఫొటో.

ఆల్బర్స్ దారి వేరు. ఆయన కోర్సు తొలిరోజు గురించి హానెస్ బెక్‌మాన్ అనే విద్యార్థి చెప్పిన జ్ఞాపకం చాలామందికి తెలుసు. ఆల్బర్స్ తరగతికి పాత వార్తాపత్రికలు తెచ్చి పంచాడు. కాగితాన్ని కాగితంగా గౌరవిస్తూ ఏదైనా చేయమన్నాడు. తిరిగొచ్చి చూసేసరికి కోటలు, పడవలు, విమానాలు, జంతువుల బొమ్మలు తయారై ఉన్నాయి. వాటిని వేరే పదార్థాలతో చేస్తే ఇంకా బాగుండేవని పక్కన పెట్టేశాడు. హంగరీ నుంచి వచ్చిన ఒక కుర్రవాడు కాగితాన్ని నిలువునా మడిచి మడతతెరలా నిలబెట్టాడంతే. ఆల్బర్స్ దాన్ని మెచ్చుకున్నాడు. పడుకోబెడితే మెత్తగా ఉండే కాగితం మడత పడగానే గట్టిబడింది, సన్నటి అంచు మీద నిలబడింది, రెండు ముఖాలూ ఒకేసారి కనిపించాయి. ఈ కథను ఇప్పటికీ తరగతుల్లో చెబుతారు. చెప్పడం అయ్యాక విద్యార్థులను స్క్రీన్ ముందు కూర్చోబెట్టి మడతను సాఫ్ట్‌వేర్‌లో గీయమంటారు. మడిచేటప్పుడు కాగితం ఒక దిక్కున సులువుగా వంగి, ఇంకో దిక్కున మొరాయిస్తుంది. నార ఎటు నడుస్తుందో వేలికి అప్పుడే తెలుస్తుంది. ఆ మొరాయింపు ఏ మౌస్‌లోనూ దొరకదు.

ఇదంతా పడమటి దిగుమతి, మనకెందుకు అని గత సభలో ఒక పెద్దాయన గట్టిగా వాదించారు. ఆయన పాండిత్యం మీద గౌరవం ఉంచుకునే జవాబు చెప్పాలి. ఇట్టెన్, బౌహౌస్‌లోనే బోధించిన క్లే, కాండిన్‌స్కీల పనులు 1922 చివర్లో కలకత్తాలో ప్రదర్శనకు వచ్చాయి. ఆ ఏర్పాటు వెనక ఉన్న కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ అప్పుడు బెంగాల్‌లోనే ఉండేది. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి యుద్ధం ముగిసేదాకా ఈ దేశంలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. గరుకుపలకలు, ఉప్పుకాగితపు అక్షరాలు ఆమె బోధనాపద్ధతికి ఆయువుపట్టు. అంతకన్నా ముందే, 1910లో, మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టి పుస్తకం చదువు పక్కనే చేతిపనికి పీట వేశాడు. ప్రమోద్ కుమార్ చటర్జీ అక్కడే చిత్రకళ నేర్పాడు. అడివి బాపిరాజు ఆ నీడలోనే ఎదిగాడు. చేత్తో చదవడం ఈ నేలకు కొత్త కాదు. అమెరికన్ డిజైనర్లు ఈమ్స్ దంపతులు 1958లో ఇండియా రిపోర్టు రాసినప్పుడు చెంబును అంతగా కొనియాడింది కూడా అందుకే. చేతికి, నడుముకు, బరువుకు, నీటి ధారకు, ధరకు కూడా తరాల తరబడి సర్దుబాటు అయిన వస్తువది. ఆ రిపోర్టు పునాదిగా 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో అదే పేరుతో మరో సంస్థ 2015లో మొదలైంది. రిపోర్టును ప్రతి ఉపన్యాసంలో తలుచుకుంటారు. చెంబును ఎత్తి చూసే వ్యాయామం ఎన్ని కాలేజీల టైమ్‌టేబుల్‌లో ఉందో ప్రతినిధులే చెప్పాలి.

రెండో అభ్యంతరం రేఖావాదులది. గీత వస్తేనే చూపు వస్తుంది, చూపు వస్తే మిగతావన్నీ వెనకే వస్తాయని వారి నమ్మకం. డ్రాయింగ్ అవసరాన్ని ఇక్కడ ఎవరూ కాదనడం లేదు. ఏది ముందన్నదే తగువు. కొయ్య తెలియనివాడు గీసిన కుర్చీ కాగితం మీద నిలబడుతుంది, నేల మీద కీలు దగ్గర విరుగుతుంది.

ఈ వక్త తరగతిలో ఒక అభ్యాసం ఉండేది. ఒకే కొలతకు కోసిన రెండు చెక్కముక్కలు. ఒకటి కొండపల్లి బొమ్మల తెల్లపొణికి, ఒకటి ఏటికొప్పాక లక్కబొమ్మల అంకుడు. కళ్లకు గంతలు కట్టుకున్న మొదటి సంవత్సరం అమ్మాయి రెండు చేతుల్లో రెండూ పట్టుకుంది. పొణికి బరువు లేకపోవడం చూసి ముందు అది చెక్కేనా అని అడిగింది. గోటితో నొక్కింది. బుగ్గకు ఆనించింది. వాసన చూసింది. బల్ల మీద తట్టి చప్పుడు విన్నది. అంకుడును ఎక్కువసేపు నిమిరి, ఇది తిప్పడానికి, అది చెక్కడానికి అని రెండింటినీ విడదీసి పెట్టింది. కొండపల్లిలో ఉలి, ఏటికొప్పాకలో తరిణి ఎందుకు నిలిచాయో ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. ఏటికొప్పాకలో తిరుగుతున్న కొయ్యకు లక్క కడ్డీ నొక్కిపెడితే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. ఎంత నొక్కాలో పనివాడి చెయ్యి చెబుతుంది, కొలతబద్ద కాదు. పొందూరులో పత్తి నార సాపు చేయడానికి ఈనాటికీ వాలుగ చేప దవడ వాడతారు. ఆ సన్నటి పళ్లకు బదులు ఏం పెట్టవచ్చో ఆలోచించే ముందు, విద్యార్థి ఒకసారి దాన్ని పత్తి మీద లాగి చూడాలి.

చెప్పక తప్పని బాధ ఒకటుంది. ఒక సంస్థలో కొన్ని బ్యాచ్‌ల విద్యార్థులు చేసిన స్పర్శఫలకాలు ఒక గదిలో భద్రంగా ఉండేవి. కొబ్బరిపీచు, తాటాకు, చింతగింజలు, ఇసుక అద్దిన అట్ట, తుప్పుపట్టిన తీగ, పట్టుదారం, ఎండిన బీరపీచు, ఒక్కొక్కటీ ఒక్కొక్కరి వెతుకులాట. గదిని కంప్యూటర్ ల్యాబ్‌గా మార్చినప్పుడు అవన్నీ చెత్తబండి ఎక్కాయి. ఫొటోలు తీసి ఉంచామన్నారు. తాకడానికి చేసినవాటికి ఫొటో ఏం సాక్ష్యం?

ప్రవేశపరీక్షలో కాగితం, తీగ, మట్టి ఇచ్చి చేతిపని చూసే సంస్థలున్నాయి. అదే విద్యార్థి లోపలికి వచ్చాక తొలి జ్యూరీకి స్లైడ్లు తెమ్మంటే, పరీక్షలో చూసిన చెయ్యి ఎటు పోయింది? మూల్యాంకనం మారకుండా బోధన మారదు. స్పర్శ అభ్యాసాల జ్యూరీలో చూపులేనివారు ఒక్కరైనా ఉండాలి. వేలికొనతో రోజంతా చదివేవారికన్నా ఆ పనికి తగినవారు ఎవరు?

అందుకని ఈ సభ ముందు మూడు విన్నపాలు. తొలి సెమిస్టర్‌లో మొదటి నాలుగు వారాలు స్క్రీన్ లేకుండా పదార్థాలతోనే గడవాలి. ప్రతి కాలేజీ ఏటా మొదటి సంవత్సరం పనుల్లో కొన్నిటిని, చేసినవారి నోట్సుతో సహా, వస్తువులుగానే దాచాలి. పొందూరు, ఏటికొప్పాక, కొండపల్లి, పెంబర్తి, చేర్యాల వంటి చోట్ల పనివారు వాడే పదార్థాల నమూనాలతో, వారి మాటల్లోనే వివరణలతో, తెలుగు రాష్ట్రాల కాలేజీలన్నిటికీ ఉమ్మడిగా ఒక పదార్థశాల ఏర్పడాలి. మూడో పనికి డబ్బు కావాలి, మొదటి రెండింటికీ విభాగాధిపతి సంతకం చాలు. తీర్మానం ముసాయిదా ప్రతినిధుల చేతుల్లోనే ఉంది. మధ్యాహ్నం రెండో సమావేశంలో అది ఓటింగుకు వస్తుంది. అభ్యంతరాలున్నవారు భోజన విరామానికి ముందే కార్యదర్శికి రాసి ఇవ్వాలని కోరడమైనది.