అరకులోయలో రెండు దినములు

విశాఖపట్టణవాసులకు రెండు దినముల సెలవు లభించినచో, కిరండూలు పోవు ఉదయపు రైలు చాలును. సొరంగములు దాటుచు అది అనంతగిరి కొండలెక్కును. బొర్రాలో దిగి గుహలు చూచి, సాయంకాలమునకు బస్సుమీద అరకు చేరవచ్చును.

మేము విన్నవించునది ఒక్కటే: పులిహోర పొట్లములు వెంట మోయవలదు. ఉప్పుకారములు పట్టించిన కోడిమాంసమును పచ్చి వెదురుబొంగులో కూరి, ఆకుతో మూతి బిగించి, నూనె చుక్కయైన లేక నిప్పులపై కాల్చి అచట వడ్డింతురు. మాంసము తిననివారికి రాగి అంబలి కలదు. మిరియాల తీగలు ప్రాకిన చెట్ల నీడను పండు అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఊరివారి చేతివంట తిని, సంతలో వారి పసుపు, పిప్పళ్లు కొన్నచో మన రూకలు కొండమీదనే నిలుచును. పొట్లము విప్పుకొని తిన్నవారు అచట విడిచివచ్చునది ఎంగిలాకు మాత్రమే.