ఆబోతు అందము - దూడల సాక్ష్యము

బ్రెజిలు దేశమున నెలోరు పశువుల వంశపట్టికలను తిరుగవేసినచో ‘గోదావరి’ అను ఆబోతు పేరు కనబడును. ‘కరవది’ అను మరియొక ఆబోతు పేరు అంతకన్న ప్రసిద్ధము. కరవది ఒంగోలు చెంతనున్న గ్రామము. నెలోరు అనగా మన నెల్లూరే. మనము ఒంగోలు జాతి అనెడి పశువునే వారు ఆ పేర పిలుచుచున్నారు. 1962లో మన దేశమునుండి వెళ్ళిన మందను ఫెర్నాండో డి నొరోన్యా దీవిలో రోగపరీక్షలకై నిలిపి, పిమ్మటనే ప్రధానభూమికి చేర్చిరి. నేడు అచటి మాంసపు పశువులలో అధికభాగము ఈ రక్తము గలవే.

ఈ ఖ్యాతి విని సంతోషించుట సులభము. గొప్ప వంశమనగానే దోషములను చూడకుండుట ఇంకను సులభము.

ఇటీవల నరసాపురము చెంత ఒక గ్రామమున ఒక రైతు తన కోడెను నాకు చూపినారు. నిండైన మూపురము, మడతలు దేరిన గంగడోలు, పాలవంటి తెలుపు. ‘‘విత్తనానికి ఉంచవచ్చునాండీ?’’ అని అడిగినారు. దాని తల్లి ఎన్ని పాలిచ్చెడిదని నేనడిగితిని. ‘‘ఆయ్, తల్లినెవరు చూశారండీ, సంతలో కొన్నది గదా!’’ అని ఆయన నవ్వినారు. నేటి నా ప్రసంగమునకు ఆ జవాబే కారణము.

ఈ జాతి సుగుణములు స్పష్టములు. తెల్లని వెండ్రుక, దాని క్రింద నల్లని చర్మము ఎండను ఓర్చుకొనును. పిడుదుల బాధ తక్కువ. ముతక మేతతో బ్రదుకును. దూడ చిన్నదిగా పుట్టుటచే ఆవు సుఖముగా ఈనును. దోషములును స్పష్టములే. పెయ్య ఆలస్యముగా ఎదకు వచ్చును. కొన్ని వంశములలో బెదురు ఎక్కువ. బొడ్డు దగ్గరి తోలు మిక్కిలి వ్రేలాడినచో ముండ్లపొదలలో గాయపడును. మాంసము గట్టిదని బ్రెజిలువారు చెప్పు దోషము మనకు పట్టదు. మన ఇంటికి పట్టు లోపము పాలు. ఒంగోలు ఆవు ఒక ఈతకు సగటున ఇచ్చునది సుమారు 800 కిలోలు. మంచి ముర్రా గేదె అంతకు రెట్టింపు ఇచ్చును. కనుక మన ప్రయోజనము తేల్చుకొనక గుణదోషములు తేల్చలేము.

ఒక వంశమును ఎంచుటకు సాక్షులు ముగ్గురు. పూర్వులు మొదటి సాక్షి. వారు చెప్పునది ఆశ మాత్రమే. పశువు శరీరము రెండవ సాక్షి; కాళ్ళు, గిట్టలు, నడక, బరువు అచట చూడవలెను. కాని పాలదిగుబడిని ఆబోతు శరీరము చెప్పజాలదు. సంతతి మూడవ సాక్షి, అదియే నమ్మదగినది. బ్రెజిలులో దూడలను నియమిత వయస్సులలో తూచి, కోడెల వృషణముల చుట్టుకొలత కొలిచి, పెయ్యలు ఎప్పుడు చూడి కట్టినవో వ్రాసికొని, ఆ లెక్కలనుబట్టి తండ్రికి విలువ కట్టుదురు. అందమైన ఆబోతుకు మందకొడి కూతుళ్ళు పుట్టినచో ఆ అందము విత్తనమునకు పనికిరాదు.

ఒక ప్రమాదము కూడ చెప్పవలెను. పేరు పొందిన ఆబోతునే అందరును కోరుదురు. కొన్ని తరములకు మంద అంతయు చుట్టములగును. ఊరిలో ఒకే ఆబోతు నాలుగేండ్లు నిలిచినచో తన కూతుళ్ళకే దాటును. అట్లు పుట్టిన దూడలో నాలుగింట మూడుపాళ్ళు ఆ ఆబోతు రక్తమే. అణగియున్న దోషములు అప్పుడే బయటపడును. దూడలు బలహీనమగును, చూడి నిలువదు. మనము నెపము మేతపై వేయుదుము.

నివారణకు ఖర్చు లేదు. ఒక చిన్న పుస్తకము చాలును. దూడ పుట్టిన తేదీ, తల్లి, తండ్రి, తల్లి పాల కొలత, పెయ్య మొదట ఈనిన వయస్సు వ్రాయుడు. పశువుల ఆసుపత్రిలో సూది వేయించినచో వీర్యనాళికపై ఆబోతు సంఖ్య ఉండును. దానిని కూడ ఎక్కించుడు. తరువాతి సారి వేరొక సంఖ్య అడుగుడు.

ఆ రైతుకు నేనిచ్చిన సలహా ఇదియే: ఆ కోడెను బండికి ఉంచుకొనుడు, విత్తనమునకు తల్లి తెలిసిన దానినే తెచ్చుకొనుడు. ఆయన కొంచెము చిన్నబోయినారు. కాని నేను లేచి వచ్చుసరికి కుమార్తెను పిలిచి, ఆమె పాతనోటు పుస్తకములో మిగిలిన కాగితములు ఎన్ని అని అడుగుచుండిరి.