విభక్తి ఒక్కటి, నామాలు రెండు

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికీ, పెద్దలకూ, తల్లులకూ, పిల్లలకూ మా నమస్కారాలు.

ఈనాటి మా ప్రసంగ విషయమంతా ఇప్పుడు చెప్పిన నమస్కారంలోనే వుంది. 'కి' అనో 'కు' అనో నాలుగుసార్లు అన్నాము. పేరంటంలో ఎవరి తాంబూలం వారి చేతికి ఇచ్చినట్టు, ఏ నామానికి ఆ నామానికే విభక్తి తగిలించాము. 'మరియు' అన్న మాటతో పని పడలేదు. చివరి అచ్చును సాగదీస్తే అదే కలిపేసింది. ఇదే ఇంగ్లీషులో అయితే 'టు' అనే ప్రిపోజిషన్ ముందు ఒక్కసారి అంటే చాలు. తర్వాత ఎంతమంది వున్నా సరే, ఆఖరివారికి ముందు ఒక 'అండ్' పెడితే సభంతా అందులో ఇమిడిపోతుంది.

మనం వెనక, మాటమాటకూ తగిలిస్తాం. వాళ్ళు ముందు, అందరికీ కలిపి ఒక్కటే పెడతారు. ఇంత చిన్న తేడాకు పండుగ సభలో వ్యాకరణ పాఠం ఎందుకని మీరు అడగవచ్చు. అడగవలసిందే. జవాబుగా మా అనుభవం ఒకటి మనవి చేస్తాము.

మేము నలుగురం కొన్నేళ్ళుగా శనివారాలు ఇక్కడి లైబ్రరీలో ఒక గది తీసుకుని, ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులకు ఇంగ్లీషు చెబుతున్నాము. ఆ తరగతి ఒక మందుసీసా వల్ల పుట్టింది. మాలో ఒకరి అత్తగారు, గుంటూరు జిల్లాలో టీచరుగా పనిచేసి రిటైరైనావిడ, కూతురి దగ్గర వుండడానికి అమెరికా వచ్చారు. బి.పి.కి మందు ఇచ్చారు. సీసా మీద రెండు మాత్రలు, 'ఇన్ ది మార్నింగ్ అండ్ ఈవినింగ్' అని వుంది. ఆవిడ చదువుకున్న మనిషి. రెండు మాత్రలు, పొద్దునా సాయంత్రమూ. అంటే పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, లెక్క సరిపోయింది అనుకున్నారు. డాక్టరు ఉద్దేశం పూటకు రెండు. మూడు వారాలకు రక్తపోటు బాగా పెరిగి, ఒక రాత్రి ఆదరాబాదరాగా ఆస్పత్రికి తీసుకువెళ్ళవలసి వచ్చింది. గండం గడిచాక ఆవిడ అన్నమాట మేము మరచిపోలేదు: "నాకు ఇంగ్లీషు రాక కాదు నాయనా, వాళ్ళకు రాయడం రాక."

అప్పుడు మర్యాదకు తలవూపాము. తర్వాత ఆలోచిస్తే ఆవిడ చెప్పిందే నిజమనిపించింది. తెలుగులో 'రెండు' వేరు, 'రెండేసి' వేరు. 'పొద్దునా సాయంత్రమూ రెండేసి' అంటే ఏ పల్లెటూరి ముసలమ్మకైనా సందేహం రాదు. ఇంగ్లీషు అంకెకు ఆ 'ఏసి' లేదు. 'ఈచ్' అనో మరొకటో విడిగా చేర్చాలి. లేదా ప్రిపోజిషన్‌ను, అంకెను రెండుసార్లు రాయాలి. ఈ దేశంలో మందుల ప్రమాణాలు నిర్ణయించే యునైటెడ్ స్టేట్స్ ఫార్మకోపియా 2012లో మందుసీసాల చీటీల గురించి చెప్పింది కూడా ఇదే: రోజుకు రెండుసార్లు రెండు మాత్రలు అని ముక్తసరిగా రాయవద్దు, ఉదయం 2 మాత్రలు, సాయంత్రం 2 మాత్రలు అని విడివిడిగా రాయండి అని. పంతులమ్మగారి మాటకు ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏం కావాలి?

ఇది మనబోటి పరాయిదేశస్థుల ఇబ్బంది మాత్రమే అనుకోకండి. మెయిన్ రాష్ట్రంలో ఓక్‌హర్స్ట్ డెయిరీ అని పాల కంపెనీ ఒకటుంది. ఓవర్‌టైమ్ జీతం రావాలని దాని డ్రైవర్లు కోర్టుకు వెళ్ళారు. ఏయే పనులకు ఓవర్‌టైమ్ వర్తించదో ఆ రాష్ట్ర చట్టంలో ఒక జాబితా వుంది. ఆహారపదార్థాలను డబ్బాల్లో నింపడం, ఆరబెట్టడం, నిలవచేయడం, ఇలా సాగి, చివర 'ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్' అని వుంది. ఆ 'ఫర్' ఎంతదూరం వెళ్తుంది? షిప్‌మెంట్ దగ్గర ఆగితే డిస్ట్రిబ్యూషన్ వేరే పని. పాలు పంచే డ్రైవర్లకు ఓవర్‌టైమ్ లేదు. 'ఆర్' దాటి అవతలి మాటను కూడా పట్టుకుంటే, రెండూ ప్యాకింగ్‌కు సంబంధించినవే. డ్రైవర్లు ప్యాకింగ్ చేయరు కనుక వాళ్ళకు డబ్బు రావాలి. 'ఆర్'కు ముందు కామా వుంటే తగవే లేదు. అది లేదు. 2017లో అప్పీలు కోర్టు, చట్టం సందిగ్ధంగా వుంది గనుక డ్రైవర్ల వైపే అర్థం చేసుకోవాలన్నది. 2018లో కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీపడింది. శాసనసభ ఆ వాక్యాన్ని సెమికోలన్లు పెట్టి తిరగరాసింది.

ఇదే తెలుగులో రాసి చూడండి. 'రవాణాకు గాని పంపిణీకి గాని ప్యాక్ చేయడం' ఒకటి. 'రవాణాకు ప్యాక్ చేయడం గాని, పంపిణీ చేయడం గాని' మరొకటి. 'పంపిణీ'కి 'కి' తగిలిందా లేదా అన్నదాంట్లోనే తీర్పు తేలిపోతుంది.

ఇక ఇంట్లో ముచ్చట ఒకటి. మా తరగతికి వచ్చే ఒక తల్లి ఫోనులో 'బిట్వీన్ యూ అండ్ మీ' అన్నారు. హైస్కూలు చదివే కూతురు పకపకా నవ్వి, 'మీ' కాదమ్మా, 'ఐ' అనాలి అని దిద్దింది. తల్లి చిన్నబోయింది. కాని తప్పు కూతురిది. 'బిట్వీన్' ప్రభావం 'అండ్' అవతలున్న మాట మీద కూడా వుంటుంది. అక్కడ 'మీ' అనే రావాలి. చిన్నప్పుడు 'మీ అండ్ హిమ్' అంటూ వాక్యం మొదలుపెడితే బడిలో చీవాట్లు తిన్న పిల్లలు, 'అండ్' పక్కన ఎప్పుడూ 'ఐ' వుండాలని భయపడిపోతారు. షేక్‌స్పియర్ 'మర్చంట్ ఆఫ్ వెనిస్'లో ఒక ఉత్తరంలోనూ ఆ 'ఐ' కనిపిస్తుంది. కనుక పిల్లను మరీ కోప్పడవద్దు. తెలుగులో అడగండి చాలు: 'నీకూ నాకూ మధ్య' అంటావా, 'నీకూ నేనూ మధ్య' అంటావా?

మనం చేసే తప్పులు లేవా? వున్నాయి. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్' అంటాము. ముందు 'వన్' వుంది కదా, ఫ్రెండ్ ఒక్కడే అనుకుంటాము. కాని తెలుగులో 'నా స్నేహితుల్లో ఒకడు' అంటామే గాని 'స్నేహితుడిలో ఒకడు' అనము. 'బిట్వీన్ ఫైవ్ టు సిక్స్' అంటాము. తెలుగులో 'అయిదుకూ ఆరుకూ మధ్య' ఒకటి, 'అయిదు నుంచి ఆరు దాకా' మరొకటి. 'బిట్వీన్'కు జోడు 'అండ్', 'ఫ్రమ్'కు జోడు 'టు'. ఒకరి జోడును మరొకరికి కట్టబెట్టకూడదు. ఈ తప్పులు తెలుగు వల్ల వచ్చినవి కావు, తెలుగును వినకపోవడం వల్ల వచ్చినవి.

అలాగని మన భాషలో సందిగ్ధమే లేదని మేము గొప్పలు పోవడం లేదు. 'పెద్ద మామిడిపళ్ళూ అరటిపళ్ళూ తెండి' అంటే అరటిపళ్ళు కూడా పెద్దవా అని బజారుకు వెళ్ళినవాడు తల గోక్కోవలసిందే. ఒక్క విభక్తితో సరిపెట్టడం మనకూ తెలుసు. తల్లినీ తండ్రినీ కలిపి 'తల్లిదండ్రులు' అని సమాసం చేసి, బహువచనం పెట్టి, ఆపైన ఒక్క 'కు' చేరుస్తాము. ఆ ఇద్దరూ ఒక జంట అని ఊరంతా ఎరుగును గనుక అక్కడ పొదుపు చెల్లింది. మందుసీసా మీదా, చట్టంలోనూ, ఒప్పంద పత్రంలోనూ ఆ పొదుపు పనికిరాదు.

కనుక మా మనవి ఇంతే. ఇంగ్లీషులో వుత్తరమో దరఖాస్తో రాసేటప్పుడు రెండు నామాల మధ్య 'అండ్' గాని 'ఆర్' గాని వస్తే, ముందున్న ప్రిపోజిషన్ ఎంతదూరం పోతుందో ఒక్కక్షణం ఆగి చూడండి. సందేహం వుంటే రెండోసారి కూడా రాయండి. ఇంగ్లీషు వ్యాకరణం దాన్ని తప్పనదు. డాక్టరు చీటీలో అనుమానం వస్తే ఫార్మసీ కౌంటరు దగ్గర 'పూటకు ఎన్ని?' అని అడిగి, ఆ చీటీ మీదే తెలుగులో 'రెండేసి' అని రాసుకోండి. అడగడం నామోషీ కాదు.

పిల్లలకు ఒక్కమాట. మీ అమ్మమ్మ ఇంగ్లీషులో ఒకే మాట రెండుసార్లు అంటే నవ్వకండి. ఎవరినీ వదలకుండా ఒక్కొక్కరినీ పలకరించే భాషలోంచి ఆవిడ వచ్చింది.

ఆ పంతులమ్మగారు కులాసాగా వున్నారు. ఇప్పుడు శనివారం తరగతిలో మొదటి పాఠం ఆవిడే చెబుతారు.