రాళ్ళ నేలలో పూల మడి



పూలంటే ఇష్టం లేని ఆడవాళ్ళు ఉంటారా? కానీ "తాగడానికే నీళ్ళు లేవు, ఇక పూల మొక్కలా?" అని చాలామంది ఊరుకుంటారు. అలాంటివారు లడఖ్ ఆడవాళ్ళ సంగతి వినాలి.

లడఖ్ మన దేశానికి ఉత్తరాన, కొసన ఉంది. అది ఎడారి. ఎడారి అంటే ఇసుక, ఎండ అనుకుంటారు కదా. ఇది చలి ఎడారి. చుట్టూ కొండలు, రాళ్ళు. అక్కడి లేహ్ పట్నం సుమారు 11,500 అడుగుల ఎత్తున ఉంది. వాన మబ్బులను కొండలే అడ్డుకుంటాయి. ఏడాదంతా కలిపి సుమారు 100 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కరువు జిల్లా అనే అనంతపురంలోనే 500 మిల్లీమీటర్లు దాటుతుంది. అంటే అందులో అయిదో వంతే! చలికాలంలో నీళ్ళు గడ్డకడతాయి. మొక్క పెరిగేది మే నుంచి సెప్టెంబరు దాకానే.

మరి పూలకు నీళ్ళెక్కడివి? కొండమీది మంచు ఎండకు కరుగుతుంది. ఆ నీరు కాలువల్లో ఊళ్ళోకి వస్తుంది. ఎవరి వంతు ఎప్పుడో చూడడానికి ఊరు ఒక మనిషిని పెట్టుకుంటుంది. అతన్ని చుర్‌పోన్ అంటారు. తెలుగు ఊళ్ళలో నీరటి, నీరుగంటి ఉన్నట్టే. వంతు వచ్చినప్పుడు పొలం తడుపుతారు, పెరడూ తడుపుతారు. పెరటి మళ్ళు చిన్నవి. చుట్టూ గట్టు ఉంటుంది. నీరు పక్కకు పోదు. కూర మొక్కల పక్కనే బంతి, పొద్దుతిరుగుడు, కాస్మాస్ పూస్తాయి.

ఎరువో? పాత ఇళ్ళ మరుగుదొడ్లలో నీళ్ళు పోయరు. మట్టి, బూడిద చల్లుతారు. అదంతా మాగి ఎరువవుతుంది.

ఇవి పెంచిన పూలు. దానంతట అదే పూసేది సియా. అది ముళ్ళున్న కొండ గులాబీ. వేసవిలో గులాబి రంగు పూలు పూస్తుంది. పువ్వుకు అయిదే రేకులు. సీబక్‌థార్న్ అని ఇంకో ముళ్ళ పొద ఉంది. దాని పువ్వు కంటికి ఆనదు. కాయలు మాత్రం నారింజ రంగు, పులుపు. వాటిలో సి విటమిన్ బాగా ఉంటుంది. కంది, పెసర లాగే దాని వేళ్ళు కూడా నేలకు బలమిస్తాయి. దాని కొమ్మలు నరికి గోడల మీద పేరుస్తారు. మేకలు లోపలికి రావు. చూశారా! ఎవరూ నీళ్ళు పోయని పొద, నీళ్ళు పోసి పెంచిన మడికి కాపలా.

సింధు నది లోయలో ధా, హను అనే ఊళ్ళున్నాయి. అక్కడ ఆడవాళ్ళే కాదు, మగవాళ్ళూ తలమీద పూలు పెట్టుకుంటారు. బుడగలాంటి నారింజ రంగు పువ్వంటే వాళ్ళకు మక్కువ. ఎండినా దాని రంగు పోదు.

ఇప్పుడు లడఖ్‌కూ ఒక చిక్కు వచ్చింది. యాత్రికులు పెరిగారు. హోటళ్ళు లేచాయి. నీళ్ళ మరుగుదొడ్లు, బోర్లు వచ్చాయి. కొండమీది మంచేమో తగ్గిపోతోంది. విత్తే వేళకు నీరు చాలదు. చెవాంగ్ నోర్ఫెల్ అనే ఇంజనీరు 1987లో ఒక ఉపాయం చేశారు. చలికాలంలో ఊరికే పోయే నీటిని ఊరి దగ్గర ఆపారు. అది అక్కడే గడ్డకట్టింది. విత్తే వేళకు కరిగి పొలానికి వచ్చింది. 2015లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

నీళ్ళు తక్కువైన చోట పూలు పూయవని కాదు. నీటికి లెక్క ఉండాలి. అంతే.

ఆలోచించండి. మీ ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు ఎటు పోతున్నాయి? గిన్నెలు తొలిచిన నీళ్ళు ఎటు పోతున్నాయి? ఒక చిన్న మడికి అవి చాలవా?

మీ ఊరి గట్ల మీద తంగేడు పూస్తుంది. దానికి ఎవరు నీళ్ళు పోశారు? అలా పూసే పూలు ఇంకేమున్నాయి? పలక మీద వాటి పేర్లు రాయండి. పక్కనున్న అక్కకు చదివి వినిపించండి.